బల్బు మార్చే ముందు మీటరు పెట్టండి: హెడ్‌లైట్లకు రిలే వైరింగ్ గురించి ఒక ప్రసంగం

(ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది. తడబాట్లు తప్ప మిగతా మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరూ కూర్చున్నారా? వెనక ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ముందు ఒకటి అడుగుతాను, చేతులెత్తండి. రాత్రిపూట లైటు చాలట్లేదని బల్బులు మార్చినవాళ్లు ఎంతమంది? చూశారా, దాదాపు అందరూ. సరే, మార్చాక పెద్ద తేడా కనిపించినవాళ్లు చేతులు అలాగే ఉంచండి. దిగిపోతున్నాయి. నాకు తెలుసు దిగిపోతాయని, నావీ అలాగే దిగాయి కాబట్టి. నేను మూడు సెట్ల బల్బులు మార్చాక గానీ మీటరు, అదే వోల్టులు కొలిచే మల్టీమీటరు, తీయలేదు. ఎలక్ట్రీషియన్‌ని అయ్యుండి కూడా.

ఆ మీటరు ఏం చెప్పిందో చెప్తాను. ఇంజిన్ నడుస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ దగ్గర చూస్తే 13.8 వోల్టులు. బల్బు హోల్డరు దగ్గర చూస్తే 11.9. దాదాపు రెండు వోల్టులు దారిలో మాయం. బ్యాటరీ బాగుంది, ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బాగుంది, బల్బు కొత్తది. మరి ఆ రెండు వోల్టులు ఎవరు తిన్నారు?

ఇవాళ మనం మాట్లాడుకునేది అదే. రిలే గురించి అని పిలిచారు, రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే, ఆపే స్విచ్, దాని గురించి చెప్తాను, కానీ రిలే కంటే ముందు ఆ రెండు వోల్టుల సంగతి అర్థం కావాలి. అది అర్థమైతే రిలే మీకు మీరే పెట్టుకుంటారు. అది అర్థం కాకుండా పెడితే, ఏదో నాలుగు వైర్లు ఎక్కువైన బండి అవుతుంది, అంతే.

కొలవడం ఎలాగో ముందు చూద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. హోల్డరును బల్బు నుంచి ఊడబీకి, ఖాళీ హోల్డరులో ప్రోబులు, అంటే మీటరు వైర్ల చివరి మొనలు, పెట్టి చూస్తారు. మీటరు ఏం చూపిస్తుంది? బ్యాటరీలో ఎంతుందో అంతా చూపిస్తుంది. "అన్నా, ఫుల్ కరెంటు వస్తోంది, వైరింగ్ సూపర్‌గా ఉంది" అంటారు. ఎందుకు చూపిస్తుంది అలా? కరెంటు పారడం లేదు కాబట్టి. కుళాయి కట్టేసి ఉంటే సన్నపైపులో కూడా ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది కదా, తిప్పి చూస్తేనే కదా పైపు సంగతి బయటపడేది. ఇదీ అంతే. బల్బు హోల్డరులోనే ఉండాలి, వెలుగుతూ ఉండాలి, మీరు హోల్డరు వెనక నుంచి, వైరు లోపలికి దూరే సందులోంచి ప్రోబు మొన తగిలించి చూడాలి.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది వెలుగుతున్న బల్బు ప్లస్ మీద. రెండూ ప్లస్సే. అప్పుడు మీటరు చూపించేది తేడా ఒక్కటే, అంటే ప్లస్ దారిలో పోయింది ఎంతో నేరుగా చెప్పేస్తుంది. తర్వాత ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి బల్బు ఎర్త్ మీద, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే వైరు మీద. అది ఎర్త్ దారిలో పోయింది. రెండూ కలిపితే అర వోల్టు లోపు ఉంటే, నా మాట వినండి, ఇక రిలే జోలికి పోకండి, ఇంటికెళ్లి హెడ్‌లైట్ అద్దం తుడుచుకోండి. నవ్వులాటకు చెప్పట్లేదు. అద్దం పసుపుపచ్చగా, మబ్బుపట్టినట్టు అయిపోయిన బండికి ఎంత వోల్టేజీ ఇచ్చినా ఆ వెలుగు అద్దంలోనే చెదిరిపోతుంది, రోడ్డు మీదకు రాదు. లోపల రిఫ్లెక్టర్ మెరుపు పోయినా అంతే. వాటికి రిలే మందు కాదు.

ఒక వోల్టు దాటి పోతోందా? అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

రెండు వోల్టులే కదా, 14లో రెండు పోతే వెలుగు కూడా ఏ ఏడో వంతో తగ్గుతుంది, అంతేగా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. హాలోజన్ బల్బు అలా పనిచేయదు. లోపల ఫిలమెంటు ఎంత కాలితే అంత వెలుగు, ఆ కాలడం కొంచెం తగ్గినా వెలుగు బోలెడు తగ్గుతుంది. లెక్క ప్రకారం వెలుగు వోల్టేజీకి 3.4వ ఘాతంగా మారుతుంది. లెక్క వదిలేయండి, ఫలితం వినండి. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు 16 శాతం పోతుంది. 10 శాతం తగ్గితే 30 శాతం పోతుంది. 15 శాతం తగ్గితే 40 శాతం పైనే పోతుంది. పైగా ఉన్న వెలుగు కూడా తెల్లగా ఉండదు, ఎర్రబారిన పసుపు రంగులోకి దిగుతుంది. మీ లైటు పసుపుగా ఉందని తెల్ల బల్బు కొన్నవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు, మొహాలు చూస్తే తెలుస్తోంది. నీలం పూత పూసిన బల్బు గాజులోంచి వచ్చే వెలుగును ఇంకొంత ఆపుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు.

ఇంకొకటి. బల్బు డబ్బా మీద 12 వోల్టులు అని రాసి ఉంటుంది, 60/55 వాట్లు అని ఉంటుంది. హెచ్4 బల్బు గురించి చెప్తున్నాను, 1971లో వచ్చిన బల్బు అది, రెండు ఫిలమెంట్లు ఒకే గాజులో. హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55. కానీ దాని వెలుగును కొలిచి లెక్కలు రాసేది 13.2 వోల్టుల దగ్గర. వెలుగును కొలిచే ల్యూమెన్లలో హైబీమ్ 1650, లోబీమ్ 1000, అదంతా 13.2 దగ్గర మాట. నా బండిలో వచ్చింది 11.9. అంటే నేను కొన్న వెలుగులో 70 శాతమే నాకు అందుతోంది, మిగతా 30 శాతం పోయింది, దారిలో పోయిన ఆ రెండు వోల్టులు బానెట్ కింద వైర్లను వేడి చేస్తున్నాయి. వేడి అనే మాట ఊరికే అనలేదు. 10 ఆంపియర్లు పారే దారిలో 2 వోల్టులు పోతే అది 20 వాట్లు. ఆ 20 వాట్లు ఎక్కడో ఒక చోట వేడిగా బయటికి రావాలి కదా. స్విచ్‌లోనో, వైర్లను ఒకదానికొకటి కలిపే కప్లర్‌లోనో. మీలో ఎవరి బండిలోనైనా హెడ్‌లైట్ హోల్డరు గోధుమరంగులోకి మారి, పెళుసుగా అయిపోయి, పట్టుకుంటే ముక్కలయిందా? అదిగో, అదే ఆ వేడి.

దారి ఎంత పొడుగో చూడండి

మామూలుగా పాత బండ్లలో కరెంటు ఎలా వెళ్తుందో ఒకసారి నాతో పాటు నడవండి. బ్యాటరీ దగ్గర బయలుదేరింది. ఫైర్‌వాల్, అంటే ఇంజినుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న గోడ, దాటి లోపలికి వెళ్లింది. ఫ్యూజు బాక్సులోకి వెళ్లింది. అక్కడి నుంచి స్టీరింగు కింద కాంబినేషన్ స్విచ్‌లోకి, లైటు స్విచ్ కాంటాక్టు దాటి, డిప్పర్ కాంటాక్టు దాటి, మళ్లీ ఫైర్‌వాల్ దాటి బయటికి వచ్చి, నాలుగైదు కప్లర్లు దాటి, అప్పుడు బల్బు దగ్గరికి చేరింది. బ్యాటరీ నుంచి బల్బు ఎంత దూరంలో ఉంది? చెయ్యి చాస్తే అందుతుంది! చెయ్యి చాస్తే అందే చోటుకు బండంతా తిరిగి వెళ్తోంది కరెంటు.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఒక మీటరు పొడుగుకు సుమారు 18 మిల్లీఓముల నిరోధం ఉంటుంది, అంటే కరెంటును అంత అడ్డుకుంటుంది. ఐదు మీటర్లు తిరిగిందనుకోండి, 90 మిల్లీఓములు. రెండు లోబీములకు కలిపి 10 ఆంపియర్లు. హెచ్చిస్తే 0.9 వోల్టు, ఒక్క వైరులోనే, అదీ వైరు కొత్తగా ఉన్నప్పుడు. దానికి స్విచ్‌లో కాలి నల్లబడ్డ కాంటాక్టులు కలపండి, తుప్పు పట్టిన కప్లర్లు కలపండి, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద పట్టిన తుప్పు కలపండి. రెండు వోల్టులు ఎక్కడికి పోయాయో దొరికిందా?

బండి తయారుచేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు, వాళ్లనేమీ అనను. రాగి ఖరీదు, బరువు, జాగా అన్నీ చూసుకుని చేస్తారు, కొత్తలో అది సరిపోతుంది కూడా. పదిహేనేళ్ల తర్వాత మనం మీటరు పెడతామని వాళ్లు అనుకుని ఉండరు.

ఇక స్విచ్ సంగతి. చల్లగా ఉన్న ఫిలమెంటుకు నిరోధం చాలా తక్కువ. అందుకే స్విచ్ వేసిన ఆ క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రోజూ ఆ దెబ్బంతా ఆ చిన్న కాంటాక్టు మీద పడుతుంది. కొన్నాళ్లకు కాంటాక్టు గుంటలు పడుతుంది, నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా గుంటలు పడుతుంది. స్టీరింగు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందని బండి తెచ్చేవాళ్లు ఉంటారు, అది ఇదే.

రిలే అంటే

రిలే అనే మాట గుర్రాల నుంచి వచ్చింది, తెలుసా? పాతకాలంలో దూరప్రయాణంలో ఒక మజిలీలో అలసిన గుర్రాన్ని విప్పి, అక్కడ కట్టేసి ఉంచిన కొత్త గుర్రాన్ని కట్టి పంపేవాళ్లు. ఆ కొత్త గుర్రమే రిలే. టెలిగ్రాఫు వచ్చాక, పొడుగు తీగలో నీరసపడిపోయిన సంకేతంతో ఒక అయస్కాంతాన్ని కదిలించి, ఆ అయస్కాంతంతో పక్కనే ఉన్న కొత్త బ్యాటరీని కలిపారు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలోనే అలాంటిది చేశాడు. మన హెడ్‌లైట్ కథ అచ్చం అదే. స్విచ్ దాకా వెళ్లి వచ్చేసరికి గుర్రం అలిసిపోయింది. దాంతో బండి లాగించకండి, కబురు మాత్రం పంపించండి. బండి లాగడానికి బ్యాటరీ పక్కనే కొత్త గుర్రం కట్టండి.

రిలే లోపల ఒక చుట్ట, ఒక కాంటాక్టు. చుట్టకు కరెంటిస్తే అయస్కాంతమై కాంటాక్టును లాగి కలుపుతుంది. ఆ చుట్ట తాగేది ఎంత? సుమారు 150, 200 మిల్లీఆంపియర్లు. ఇప్పటిదాకా స్విచ్ 10 ఆంపియర్లు మోసింది, ఇక నుంచి దాంట్లో యాభయ్యో వంతు మోస్తే చాలు. ఆ పాత సన్న వైర్లకు 200 మిల్లీఆంపియర్లు ఒక లెక్కా?

రిలే అడుగున నంబర్లు ఉంటాయి, భయపడొద్దు. జర్మన్ ప్రమాణం ప్రకారం వచ్చిన నంబర్లు, బండ్ల రిలేల మీద ఎక్కువగా అవే ఉంటాయి. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. 87 అంటే బల్బుకు వెళ్లే లావు వైరు. 85, 86 చుట్ట రెండు చివర్లు, సన్న వైర్లు. కొన్నింటికి మధ్యలో 87ఎ అని ఇంకొకటి ఉంటుంది, రిలే పడుకున్నప్పుడు, అంటే చుట్టకు కరెంటు లేనప్పుడు, 30తో కలిసి ఉండేది అది. దాన్ని మనం ముట్టుకోం. ముట్టుకుంటే ఏమవుతుంది? స్విచ్ ఆపితే లైట్లు వెలుగుతాయి, స్విచ్ వేస్తే ఆరిపోతాయి. ఒకాయన అలా చేసుకుని వచ్చి రిలే చెడిపోయిందన్నాడు. రిలే భేషుగ్గా ఉంది.

రెండు రిలేలు కావాలి, లోబీమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి. 30 లేదా 40 ఆంపియర్లవి తీసుకోండి. ఇప్పుడు అసలు కిటుకు. బండి పాత వైరింగును కోయకండి. ఒక్క వైరు కూడా కోయకండి. ఒక పక్క హెడ్‌లైట్ పాత హోల్డరు ఊడబీకితే అందులో మూడు కాళ్లకు మూడు వైర్లు ఉంటాయి: లో, హై, రెండింటికీ ఉమ్మడిగా ఉండే కామన్. బల్బు వెనక భాగం లాంటి మూడు కాళ్ల ప్లగ్గు ఒకటి తీసుకుని ఆ పాత హోల్డరులో గుచ్చండి. దాని కామన్ కాలు రెండు రిలేల 85లకూ వెళ్తుంది. లో కాలు లో రిలే 86కు, హై కాలు హై రిలే 86కు. అంతే. పాత హోల్డరు ఇప్పుడు బల్బును కాదు, రిలే చుట్టల్ని నడుపుతోంది. రెండో పక్క పాత హోల్డరు ఖాళీ, దానికి నీళ్లు దూరకుండా టోపీ పెట్టి, కదలకుండా కట్టేయండి. కొత్త హోల్డర్లు రెండు తెచ్చి, వాటికి 87 నుంచి లావు వైర్లు, ఎర్త్ నుంచి లావు వైర్లు.

ఇక్కడ ఆ ముందు వరుసలో తమ్ముడు చెయ్యెత్తుతున్నాడు. అడుగు. ఆ, మంచి ప్రశ్న. కొన్ని బండ్లలో, ముఖ్యంగా చాలా జపాన్ బండ్లలో, స్విచ్ ప్లస్‌ను కాదు, ఎర్త్‌ను కలుపుతుంది. అంటే హోల్డరులో కామన్ కాలికి ఎప్పుడూ ప్లస్ ఉంటుంది, లో, హై కాళ్లు స్విచ్ ద్వారా ఎర్త్ అవుతాయి. తలకిందులు. మరి అలాంటి బండిలో ఏం చేయాలి? ఇందాక చెప్పినదే చేయాలి! చుట్టకు ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్న పట్టింపు లేదు, రెండు చివర్ల మధ్య వోల్టేజీ ఉంటే చాలు. పాత హోల్డరు మూడు కాళ్ల మధ్యే చుట్టల్ని కట్టాం కాబట్టి ఎటునుంచి వచ్చినా పనిచేస్తుంది. చుట్టను తీసుకెళ్లి బాడీ ఎర్త్‌కు కట్టినవాళ్లే అలాంటి బండిలో ఇరుక్కుంటారు. ఒక్క జాగ్రత్త, కొన్ని రిలేలలో చుట్టకు అడ్డంగా డయోడ్, అంటే కరెంటును ఒకవైపుకే పోనిచ్చేది, ఉంటుంది, రిలే మీద బొమ్మలో గీసి ఉంటుంది చూడండి. దానికి మాత్రం ప్లస్, మైనస్ తిరగబడితే డయోడ్ పోతుంది, లేదా ఫ్యూజు పోతుంది. ఆ డయోడ్ ఎందుకంటే, చుట్టకు కరెంటు ఆపిన క్షణంలో అది ఎదురు తన్నుతుంది, బ్యాటరీ కంటే ఎన్నో రెట్ల వోల్టేజీ ఒక్క క్షణం పుడుతుంది, ఆ తన్నును మింగడానికి. డయోడ్ బదులు రెసిస్టర్ ఉన్న రిలే దొరికితే అదే తీసుకోండి, అటూ ఇటూ గొడవ లేదు.

ఏ కాలు ఏదో అని నన్ను అడగొద్దు, పుస్తకంలో బొమ్మ చూసి కూడా నమ్మొద్దు, టెస్ట్ ల్యాంప్ పెట్టి మీరే చూసుకోండి. ఇంతకుముందు ఎవరెవరి చేతులు పడ్డాయో ఆ బండి మీద.

ఫ్యూజు, వైరు, ఎర్త్

ఫ్యూజు దగ్గర నా సొంత కథ ఒకటి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా చెప్పాలి. నేను మొట్టమొదట కట్టిన రిలే సెట్టులో ఫ్యూజును రిలే పక్కన పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని! బ్యాటరీ నుంచి అక్కడిదాకా మీటరు పొడుగు లావు వైరు, మధ్యలో ఫ్యూజు లేదు. ఆ వైరు బ్యాటరీ ట్రే అంచు మీద నుంచి పోతోంది. కొన్ని నెలలు రాసుకుని రాసుకుని తోలు చిరిగింది, ఒకరోజు రాగి వెళ్లి ట్రేకి తగిలింది. ఫ్యూజు పోవాలి కదా? ఎందుకు పోతుంది, ఫ్యూజు ఉన్నది షార్టు అయిన చోటుకు అవతల. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ వైరులో పారింది. బానెట్ తెరిచేసరికి వైరు మొత్తం ఎర్రగా, తోలు కారిపోతూ, పొగ. పానాతో టెర్మినల్ వదులు చేసి పీకేశాను కాబట్టి బండి మిగిలింది. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు, లైటు తక్కువైందని బండి తగలబెట్టుకునేవాణ్ణి.

ఫ్యూజు కాపాడేది బల్బును కాదండీ, వైరును. అందుకని అది వైరు మొదట్లో ఉండాలి, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపల. జానెడు, అంతకు మించొద్దు. వైరు ఎక్కడెక్కడ ఇనుము అంచు దాటుతుందో అక్కడ రబ్బరు గ్రామెట్టో, గొట్టమో వేయండి. లోబీమ్‌కు ఒక ఫ్యూజు, హైబీమ్‌కు వేరే ఫ్యూజు. ఎందుకు వేరు? రెండింటికీ ఒకటే పెట్టి అది పోయిందనుకోండి, రాత్రి, మలుపులో, రెండు లైట్లూ ఒక్కసారి ఆరిపోతాయి. వేరుగా ఉంటే కనీసం డిప్పర్ కొట్టి ఇంకోదానితో పక్కకు ఆపుకుంటారు. లోబీమ్‌కు 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు, హైబీమ్‌కు 20 పసుపుది, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు మీద. ఫ్యూజు పోతోందని 30 ఆంపియర్లది పెట్టేవాళ్లు దయచేసి నా బండి పక్కన పార్క్ చేయకండి.

వైరు గురించి. రెడీమేడ్ సెట్లు దొరుకుతాయి, కొనొచ్చు, తప్పేం లేదు. కానీ కొనగానే ఒక చివర గీరి చూడండి. పైన తోలు లావుగా, లోపల రాగి దారప్పోగులా ఉంటుంది కొన్నింట్లో. ఇంకొన్నింట్లో పోగును చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అది రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది, వంచితే తొందరగా విరుగుతుంది, తడి తగిలితే చివర్లు బూజు పట్టినట్టు అయిపోతాయి. వోల్టులు పోతున్నాయని కదా ఈ పని మొదలుపెట్టాం? సన్న వైరుతో రిలే కడితే ఏం సాధించినట్టు?

మంచి రాగి వైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్లది మీటరుకు 7 మిల్లీఓములు. మీటరున్నర వేసినా పది ఆంపియర్ల దగ్గర 0.1 వోల్టు. ఇందాక అదే 0.9 ఉంది, గుర్తుందా?

ఇక ఎర్త్. అందరూ ప్లస్‌కు లావు వైరు వేస్తారు, ఎర్త్‌కు పాతదే వదిలేస్తారు. కరెంటు ఎంత వెళ్తే అంతా వెనక్కి రావాలి. వెళ్లేది తారురోడ్డు, వచ్చేది కాలిబాట అయితే ఎలా? ఎర్త్ వైరు కూడా అదే లావు. బాడీ మీద బోల్టు పెట్టే చోట రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాలి, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాత పైన వాజిలీనో, గ్రీజో పూయండి, తుప్పు పట్టకుండా. రంగు మీదే బోల్టు బిగిస్తే, ఆ రంగు కూడా ఒక ఇన్సులేషనే కదా. నేనైతే రెండు హెడ్‌లైట్ల ఎర్త్‌లనూ నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్తాను. చాదస్తం అంటారు మా వాళ్లు. అననీయండి.

అతుకులు. టంకం పెట్టాలా, లగ్గు, అంటే వైరు చివర తొడిగే లోహపు ముక్క, నొక్కాలా అని ఎప్పుడూ గొడవే. టంకం పెట్టిన చోట వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది, ఇంజిన్ అదురుకు ఆ బిగువు ఆగిపోయే చోట పోగులు ఒక్కొక్కటే విరుగుతాయి. సరైన పట్టకారుతో నొక్కిన లగ్గు, దాని మీద వేడికి ముడుచుకునే స్లీవు, అది చాలు. పళ్లతో తోలు పీకి, మెలిపెట్టి, టేపు చుట్టేది మాత్రం వద్దు. బానెట్ కింద వేడికి ఆ టేపు జిగురు కారి ఎప్పుడో విప్పుకుంటుంది.

రిలేలను కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు పడితే జారిపోవాలి గానీ లోపలికి దిగకూడదు. సైలెన్సర్ వేడి తగిలే చోట వద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, పని అయ్యాక చివరగా మైనస్ పెట్టండి. ఈ వరసే ఎందుకు? మైనస్ ముందే తీసేస్తే, ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా ఏమీ కాదు.

ఇప్పుడు ఆ పక్కనున్న అన్న ఇందాకటి నుంచి నన్నే చూస్తున్నాడు, ఏం అడుగుతాడో నాకు తెలుసు. "రిలే పెట్టాం కదా, వంద వాట్ల బల్బు వేసుకోవచ్చా?" అదేనా? అదే. చూడండన్నా, వైరు మోస్తుంది, రిలే మోస్తుంది, నేను కాదనను. కానీ హెడ్‌లైట్ లోపల రిఫ్లెక్టర్‌ను 55, 60 వాట్ల వేడికి చేశారు. వంద వాట్ల వేడికి దాని మెరుపు పొరలు పొరలుగా లేస్తుంది, ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది. చాలా చోట్ల రోడ్డు మీద అది చట్టప్రకారం కుదరదు కూడా. ఎదురుగా వచ్చేవాడి కళ్లు సరేసరి. ఆ బల్బు వద్దు. నా బండిలో 60/55 బల్బే, ఆ పాత బల్బే, రిలే పెట్టాక 11.9 కాస్తా 13.5 అయింది. వెలుగు ఒకటిన్నర రెట్లు. బల్బు మార్చలేదు!

దీనికి ఒక ఖర్చుంది, దాచను. వోల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది, అదీ వెలుగు కంటే చాలా గట్టిగా తగ్గుతుంది. 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగం. అంటే ఇన్నాళ్లూ మీ బల్బు ఏళ్ల తరబడి పోకుండా ఉన్నది అది గొప్పదని కాదు, దానికి తిండి సరిగ్గా అందలేదని. రిలే పెట్టాక బల్బు తొందరగా పోయిందని ఎవరైనా అంటే అది అబద్ధం కాదు. నేను ఆ బేరానికి ఒప్పుకున్నాను. మీ ఇష్టం మీది. ఒకవేళ ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గరే 15 వోల్టులు దాటి చూపిస్తుంటే మాత్రం ముందు ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చూపించుకోండి, రిలే తర్వాత.

ఇంకో మాట. కొంతమంది హైబీమ్ వేసినప్పుడు లోబీమ్ కూడా వెలుగుతూ ఉండేలా కట్టమంటారు. హెచ్4లో అది చేయకండి. రెండు ఫిలమెంట్లు ఒకే గాజులో ఉన్నాయని చెప్పాను కదా, రెండూ కలిసి వెలిగితే 115 వాట్లు ఆ చిన్న గాజులో. డిప్పర్ ఒక్క క్షణం కొట్టినప్పుడు సరే, అదేపనిగా అయితే బల్బు పోతుంది, హోల్డరూ పోతుంది. లో, హై వేర్వేరు బల్బులుగా ఉండే బండ్లలో సంగతి వేరు.

కొత్త బండ్లవాళ్లకు ఒక్క నిమిషం. ఈమధ్య వచ్చిన చాలా బండ్లలో స్విచ్‌లోంచి హెడ్‌లైట్ కరెంటు పారనే పారదు. స్విచ్ ఒక కంప్యూటరుకు చెప్తుంది, ఆ కంప్యూటరు లైటు వేస్తుంది. ఎన్నో బండ్లలో కంపెనీ రిలే ముందే ఉంటుంది, ఫ్యూజు బాక్సు మూత వెనక చూస్తే రాసి ఉంటుంది. కొన్నింట్లో ఆ కంప్యూటరు కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపుతూ ఇస్తూ ఉంటుంది, మన కంటికి తెలియదు గానీ రిలేకు తెలుస్తుంది, టకటకటకమని కొట్టుకుంటూ నాలుగు రోజుల్లో కాంటాక్టులు కాల్చుకుంటుంది. బల్బు పోయిందని డాష్‌బోర్డు మీద తప్పుడు హెచ్చరిక కూడా వస్తుంది, ఎందుకంటే 5 ఆంపియర్లు తాగాల్సిన చోట పావు ఆంపియరు కూడా పోవట్లేదు. అలాంటి బండ్లకు ఇవాళ చెప్పినవి చేయకండి. ఎల్ఈడీ బల్బులు వేసుకున్నవాళ్లకూ దీంతో పెద్ద పని లేదు, అవి తాగే కరెంటే తక్కువ. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు ఎటు చెదురుతుందో అది ఇంకో రోజు పెట్టుకుందాం, మొదలుపెడితే నాకు కోపం వస్తుంది.

పని అయ్యాక? మళ్లీ మీటరు. అవే రెండు కొలతలు, ప్లస్ నుంచి ప్లస్, మైనస్ నుంచి మైనస్. రెండూ కలిపి 0.3 దరిదాపుల్లో ఉండాలి. ఎక్కువ ఉంటే ముక్కముక్కగా కొలుచుకుంటూ పోండి: బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి 30, 30 నుంచి 87, 87 నుంచి బల్బు. ఏ ముక్క తింటోందో దొరుకుతుంది. పావుగంట లైట్లు వేసి ఉంచి, ఫ్యూజు హోల్డరును, రిలే కాళ్ల దగ్గరి వైర్లను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే అక్కడ లగ్గు సరిగ్గా నొక్కలేదు. తర్వాత గోడకు ఎదురుగా బండి నిలబెట్టి లైటు ఎత్తు సరిచూడండి. ఇంతకుముందు మసక వెలుగులో కాస్త పైకి ఉన్నా ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు, ఇప్పుడు అదే ఎత్తు ఎదుటివాడి కళ్లలో గుచ్చుకుంటుంది.

చివరి ప్రశ్న అటువైపు నుంచి. గట్టిగా చెప్పమ్మా, అందరికీ వినపడాలి. "దారి మధ్యలో రిలే పోతే ఏంటి పరిస్థితి?" అని అడుగుతున్నారు. భలే అడిగారు, నేను చెప్పడం మర్చిపోయేవాణ్ణి. పాత వైరింగ్ కోయొద్దని ఎందుకంత పట్టుబట్టాను? ఇందుకే. బానెట్ ఎత్తండి, కొత్త హోల్డర్లు రెండూ బల్బుల నుంచి లాగేయండి. ఒక పక్క పాత హోల్డరులోంచి మన ప్లగ్గు పీకేసి ఆ హోల్డరును బల్బుకు గుచ్చండి, రెండో పక్క టోపీ తీసి ఆ హోల్డరునూ గుచ్చండి. వెనకటి 11.9 వోల్టులు, వెనకటి పసుపు వెలుగు వచ్చేస్తాయి, దాంతో నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. ఒక రిలే, రెండు ఫ్యూజులు, చిన్న టార్చి డాష్‌బోర్డు అరలో పడేసి ఉంచండి. ఆ టార్చి మర్చిపోకండి, చీకట్లో ఆ హోల్డరు ఎటు తిప్పి గుచ్చాలో అసలు కనిపించదు.